పాత బండికి చిన్న రిపేరొచ్చినా "అమ్మెయ్" అంటున్నారు. మీరైతే ఎప్పుడు అమ్ముతారు?

పాతబండి_నాది
నా పెట్రోలు కారుకి పదిహేడేళ్లు. కొత్తదిగా తెచ్చుకున్నదే, మధ్యలో చేతులు మారలేదు. ఇప్పటికీ తాళం తిప్పగానే అందుకుంటుంది, గేర్లు సాఫీగా పడతాయి, మైలేజీలో పెద్ద తేడా లేదు. కానీ ఈమధ్య ట్రాఫిక్‌లో ఆగి ఉంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. రోడ్డు ఖాళీ అయి కాస్త వేగం అందుకోగానే మళ్లీ తన చోటికి దిగిపోతోంది.

మెకానిక్‌కి చూపించా. బానెట్ ఎత్తి ఇలా తొంగి చూసి, "ఇంజన్ పైభాగం, అదే హెడ్, విప్పాల్సిందే సార్. దీనిమీద అంత పెట్టే బదులు ఇచ్చేయండి, నా దగ్గర మంచి పార్టీ ఉంది" అన్నాడు. ఇంట్లోనూ అదే పాట. ఆఫీసులో చెప్తే అక్కడా అదే. వైపర్ రబ్బరు అరిగినా అమ్మెయ్, డోర్ కిర్రుమన్నా అమ్మెయ్. తలనొప్పి అని వెళ్తే తల తీసేయమన్నట్టుంది.

కొత్త బండికి ఇదే ముల్లు లేస్తే కారణం వెతుకుతారు కదా. పాతదానికి ఆ వెతుకులాట ఎందుకుండదు? ఒకే బండిని చాలా ఏళ్లు నడిపినవాళ్లు చెప్పండి. ఉంచాలా, అమ్మాలా అన్నది మీరెలా తేల్చుకున్నారు?

హారన్_కొట్టకు
మెకానిక్ దగ్గర "మంచి పార్టీ" రెడీగా ఉన్నాడంటే బండి బాగున్నట్టే లెక్క. చెత్త బండికి పార్టీలు దొరకరు గురూ.

నాలుగోగేరు
పైవాడు నవ్వించినా మాట నిజం. హెడ్ పోయిన బండికి అంత తొందరగా బేరం ఎందుకు పెడతాడు?

గ్రీజుమరక
నేనూ షెడ్డులోనే బతుకుతున్నవాణ్ణి, కాబట్టి మా వాళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి. ముందు ఇవి చెప్పు తమ్ముడూ:

బండి పూర్తిగా చల్లారాక, ఇంజన్‌ని చల్లార్చే ద్రవం (కూలెంట్) డబ్బాలో మట్టం తగ్గుతోందా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వచ్చి ఎంతసేపటికీ ఆగకుండా ఉంటోందా? ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగు జిడ్డు ఉందా? ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, దాని మీద కూడా అదే రంగు ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, ఏసీ వేసినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా?

ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే నా కన్ను మొదట ఫ్యాన్ మీదే పడుతుంది. కదిలేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లారుస్తుంది, ఫ్యాన్‌తో పని ఉండదు. ఆగినప్పుడు ఆ గాలి ఫ్యానే ఇవ్వాలి. హెడ్ కింద సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయిన బండి మామూలుగా ఇంత పద్ధతిగా ప్రవర్తించదు. ఎక్కడం మీద, వేగం మీద ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, నీళ్లు తాగుతుంది.

ఇంకో మాట. ఇది తేలేదాకా ముల్లు లేచినా "కొంచెమే కదా" అని నడపకు. చాలా కార్లలో ఆ మీటరును కావాలనే మొద్దుగా పెడతారు. లోపల వేడి కొంత పెరిగినా తగ్గినా ముల్లు నడుమనే కూర్చుంటుంది, లేకపోతే జనం ఊరికే కంగారు పడతారని. అది కదిలిందంటే వేడి అప్పటికే బాగా పెరిగిందని.

వెనకసీటు
ముల్లు కదలకపోతే బాగున్నట్టే అనుకుంటూ ఇన్నేళ్లు హాయిగా ఉన్నా. ఇప్పుడు దాని మీద కూడా నమ్మకం పోగొట్టావన్నా.

సీటుబెల్టు_సుబ్బు
అందరూ రిపేరు గురించే మాట్లాడుతున్నారు. నేను అవతలి పక్షం. పదిహేడేళ్ల బండి ఇంజన్ ఇంకో పదేళ్లు నడుస్తుంది, ఒప్పుకుంటా. గుద్దుకున్న రోజు సంగతి ఏంటి?

2009లో అమెరికాలో కార్ల భద్రతని పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ వాళ్లు 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 మాలిబూని ఎదురెదురుగా, ముందు భాగాలు సగానికి సగం కూడా కలవకుండా ఓ పక్కగా తగిలేలా గుద్దించారు. వేగం గంటకు 64 కిలోమీటర్లు. పాత దాంట్లో డ్రైవర్ సీటు ఉన్న చోటే మిగల్లేదు. కొత్త దాంట్లో బొమ్మకి కాలికి చిన్న దెబ్బ. "పాత ఇనుము గట్టిది" అనే కబుర్లు ఆ వీడియో చూశాక నేను మానేశా. నలగాల్సిన చోట నలిగి, మనిషి ఉన్న చోట నలగకుండా ఉండేదే మంచి బండి.

నాలుగోగేరు
సుబ్బూ, అది యాభై ఏళ్ల తేడా. ఇక్కడి బండికి పదిహేడు. మూడు పాయింట్ల సీటు బెల్టు ఉంటుంది, ఏబీఎస్ ఉండొచ్చు, ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. బెల్ ఎయిర్‌తో పోలిస్తే ఎలా?

సీటుబెల్టు_సుబ్బు
"ఉండొచ్చు" అన్నావు చూడు, నా బాధ అక్కడే. ఉందో లేదో నడిపేవాడికే తెలీదు. మూడు పాయింట్ల బెల్టు 1959లోనే వోల్వో తెచ్చింది, సరే. కానీ స్టెబిలిటీ కంట్రోల్? అమెరికాలో అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నుంచి. తడి రోడ్డు మీద బండి పక్కకి జారేటప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టేది అదే. పాత బండ్లలో చాలావాటికి లేదు, తర్వాత బిగించుకునేదీ కాదు.

నేను అమ్మింది అందుకే. రిపేర్లు వచ్చి కాదు.

పాతబండి_నాది
ఏబీఎస్ ఉంది, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. స్టెబిలిటీ కంట్రోల్ లేదు. మీ మాట కొట్టిపారేయను. కానీ నాకు "అమ్మెయ్" అన్న ఒక్కరూ ఈ కారణం చెప్పలేదు. చెప్పి ఉంటే కూర్చుని ఆలోచించేవాణ్ణి. అందరి బాధా రిపేరు ఖర్చే.

గ్రీజుమరక అన్నా, సాయంత్రం చూసి చెప్తా.

లెక్కలమాస్టారు
ఖర్చు దగ్గరికి వచ్చారు కాబట్టి. అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: ఏడాది రిపేర్లు బండి అమ్మకపు ధర దాటితే అమ్మెయ్యాలి అని. వినడానికి బాగుంటుంది, లెక్కగా తప్పు. పదిహేడేళ్ల బండికి అమ్మకపు ధర ఎలాగూ దాదాపు అడుగంటి ఉంటుంది. క్లచ్ మార్చినా, నాలుగు టైర్లు వేసినా దాటేస్తుంది. అలా చూస్తే టైర్లు అరిగినప్పుడల్లా కారు అమ్ముకోవాలి.

పోల్చాల్సింది అమ్మితే వచ్చే దానితో కాదు, కొనబోయే దానికి పెట్టే దానితో. కొత్త బండికి నెలనెలా వాయిదా ఉంటుంది, పెద్ద ఇన్సూరెన్స్ ఉంటుంది, అన్నిటికన్నా పెద్దది విలువ తరుగు. అది మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ. రసీదు రాదు కాబట్టి ఎవరికీ కనబడదు. పాత బండి తరుగు అయిపోయింది, మీరు ఎప్పుడో కట్టేశారు.

నా డైరీలో రిపేర్లన్నీ రాసుకుంటా. ఏడాది ఖర్చుని పన్నెండుతో భాగించి, కొత్త బండి నెల వాయిదా పక్కన పెడతా. ఇప్పటిదాకా దాటలేదు.

క్లచ్‌కేబుల్
మాస్టారూ, మీ డైరీలో రోడ్డు పక్కన నిలబడిన గంటలు రాశారా? లోడింగ్ బండి కోసం ఎదురుచూపు, ఆఫీసుకి సెలవు, ఇంట్లో వాళ్ల చూపులు. వాటినీ పన్నెండుతో భాగించండి.

లెక్కలమాస్టారు
చూపుల్ని భాగించడం నావల్ల కాలేదు, అది ఒప్పుకోవాల్సిందే.

రెండుచక్రాల_రాణి
కార్ల వాళ్ల మధ్యకి స్కూటర్ తీసుకొస్తున్నా, ఏమనుకోకండి. నాది కార్బురేటర్ బండి. పాతదై పాడైంది ఎప్పుడూ లేదు. పాడైందల్లా నడపక. కొన్ని నెలలు బయట ఉండి వచ్చి చూస్తే ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. విప్పితే కార్బురేటర్ గిన్నె అడుగున పెట్రోలు ఆరిపోయి గోధుమ రంగు జిగురు. జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, అది మూసుకుపోయింది. శుభ్రం చేస్తే రెండో కిక్కుకి లేచింది. ఇది తెలియనివాళ్లు ఈపాటికి ఇంజన్ పోయిందనేవాళ్లు.

అప్పట్నుంచి ఎక్కువ రోజులు వెళ్లాల్సి వస్తే పెట్రోలు ట్యాప్ కట్టేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడిపి వెళ్తా.

వెనకసీటు
అందుకే మా నాన్న నిలబెట్టిన కారుని రోజూ పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు.

గ్రీజుమరక
మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి, అది మంచి కన్నా చెడ్డే ఎక్కువ. ఐదు నిమిషాల ఐడిల్‌కి ఆయిల్ వేడెక్కదు. కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నిలిచిపోతుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చు పెట్టింది కూడా తిరిగి నిండదు. దానికన్నా వారానికోసారి తీసి అరగంట రోడ్డు మీద తిప్పితే ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, టైర్లు అన్నీ కదులుతాయి.

పాతబండి_నాది
చూసొచ్చా. కూలెంట్ మట్టం కింద గీతకీ పై గీతకీ మధ్యలో ఉంది, తగ్గినట్టు లేదు. తెల్లపొగ లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగే. ఆయిల్ మూత లోపల మాత్రం కొంచెం తెల్లటి జిడ్డు ఉంది. అది చూసి గుండె గుభేలుమంది.

ఏసీ వేసి ముందుకొచ్చి చూశా. ఫ్యాన్ కదల్లేదు!

గ్రీజుమరక
దొరికింది. ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాల్సిందే. మూత కింద జిడ్డు గురించి కంగారు పడకు. దగ్గర దూరాలే తిరిగే బండికి అక్కడ ఆవిరి చెమ్మ ఆయిల్‌తో కలిసి అలా తెల్లగా అవుతుంది. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి, నీళ్లు తగ్గకుండా ఉంటే అది గాస్కెట్ కాదు. ఓ దూర ప్రయాణం చేసొస్తే దానంతటదే పోతుంది.

ఇప్పుడు బానెట్ కింద ఫ్యూజు డబ్బా తెరువు. మూత లోపలి వైపు బొమ్మలో ఫ్యాన్ ఫ్యూజు, ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బీ) ఎక్కడున్నాయో ఉంటుంది. మొదట ఫ్యూజు తీసి తీగ తెగిందేమో చూడు. అది బాగుంటే రిలే. చాలా బండ్లలో హారన్ రిలే కూడా అలాంటిదే ఉంటుంది. ఒంటి మీద నెంబరూ, కాళ్ల వరసా అచ్చంగా ఒకటే అయితేనే, ఇంజన్ ఆపి, తాళం తీసేసి, ఆ రెంటినీ అటూ ఇటూ మార్చు. ఫ్యాన్ తిరిగి, హారన్ మోగకపోతే దొంగ దొరికినట్టే. నెంబరు ఒకటి కాకపోతే ముట్టుకోకు.

వేళ్లు, చొక్కా చేతులు ఫ్యాన్‌కి దూరం. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా అది తిరుగుతుంది, చెప్పి తిరగదు.

హారన్_కొట్టకు
హారన్ తీసేయమన్న మొదటి మెకానిక్‌ని ఇక్కడ చూస్తున్నా. నా పేరు సార్థకమైంది.

సర్వీసుబుక్కు
ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు ఇర్వ్ గోర్డన్ పేరు ఎత్తాలి కాబట్టి ఆ పని నేను చేస్తా. అమెరికాలో స్కూలు టీచరు. 1966లో కొన్న వోల్వో పీ1800 మీద 2013లో 30 లక్షల మైళ్లు దాటించాడు. అంటే మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. మధ్యలో ఇంజన్ విప్పి బాగు చేయించుకున్నాడు, అది వేరే సంగతి. ఆయన రహస్యం అంటూ ఏమీ లేదు, కంపెనీ పుస్తకంలో ఎప్పుడు ఏది మార్చమంటే అప్పుడు అది మార్చాడు, అంతే.

మనం ఆ పుస్తకాన్ని గ్లవ్ బాక్సులో పెట్టి, దాని మీద బిల్లులు పెట్టి, వాటి మీద టిష్యూ డబ్బా పెడతాం.

నాలుగోగేరు
ఆయన టీచరు కాబట్టి ఇంటికీ బడికీ దూరం ఎక్కువై ఉంటుంది. రోజూ హైవే మీద సాగే బండికి అరుగుదల తక్కువ. పది నిమిషాల దూరం నడిచి ఆగిపోయే మన బండ్లకి కిలోమీటర్లు తక్కువే ఉంటాయి, ఇంజన్ ఒక్కసారి కూడా సరిగా వేడెక్కదు. ఓడోమీటర్ చూసి బండి వయసు చెప్పేవాళ్లని నేను నమ్మను.

సర్వీసుబుక్కు
ఒప్పుకుంటా. అందుకే పుస్తకంలో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అని రాస్తారు. జనం కిలోమీటర్లు చూస్తారు, నెలలు వదిలేస్తారు. ఇంజన్‌లో వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా కదిలించే రబ్బరు పట్టీ, అదే టైమింగ్ బెల్టు, అందుకే తెగుతుంది. తక్కువ తిరిగిన బండే కదా అని వదిలేస్తే రబ్బరు ఏళ్ల లెక్కన ఎండిపోతుంది. కొన్ని ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వచ్చి వాల్వుల్ని గుద్దుతాయి. అప్పుడు నిజంగానే హెడ్ విప్పాలి.

పాతబండి గారూ, మీ దాంట్లో ఉన్నది బెల్టా, లేక ఇనప చైనా? బెల్టయితే చివరిసారి ఎప్పుడు మార్చారు?

పాతబండి_నాది
చైనే. బతికిపోయా.

చెక్‌ఇంజన్_లైటు
మా బండిలో ఆ లైటు వెలగకపోతేనే నాకు టెన్షన్. బల్బు పోయిందేమో అని.

సరదా పక్కన పెడితే, పాత బండి ఉన్నవాళ్లు, బండి కంప్యూటర్ రాసిపెట్టే లోపాల కోడ్లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొని పెట్టుకోండి. స్టీరింగ్ కింద పోర్టు ఉంటుంది, ఫోన్‌తో కలుస్తుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ ఓబీడీ-2 తప్పనిసరి, కాబట్టి ఆ కోడ్లు ఇప్పుడు అందరికీ అర్థమయ్యే భాష. నాకు పీ0420 వచ్చింది. షెడ్డుకి వెళ్తే కోడు చూసి "కెటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలి" అన్నారు. ఆ కోడు చెప్పేది, పొగని శుభ్రం చేసే ఆ కన్వర్టర్ పనితనం తక్కువగా కనబడుతోందని మాత్రమే. ఎందుకని చెప్పదు. వేరే చోట చూపిస్తే సైలెన్సర్ గొట్టం అతుకు దగ్గర గాలి లీకు. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి పోయి సెన్సర్‌ని పక్కదారి పట్టిస్తోంది. గాస్కెట్ మార్చాక కోడు తుడిచేస్తే మళ్లీ రాలేదు.

క్లచ్‌కేబుల్
ఇక్కడే నా ఫిర్యాదు. పాత బండికి ఖర్చు ఎక్కువ అంటారు కదా, అందులో సగం ఊహల ఖర్చు. ఇది మార్చి చూద్దాం, పోకపోతే అది మార్చి చూద్దాం. పోయిన పార్టు ఒకటే, మనం కొన్నవి మాత్రం సంచీ నిండా. పాత పార్టు చేతికివ్వమని అడిగితే మొహం మాడ్చుకుంటారు.

గ్రీజుమరక
అడగండి. నేను అడగకుండానే ఇస్తా. ఇవ్వనివాడి దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

మా వైపు నుంచి కూడా ఓ మాట వినండి. "శబ్దం వస్తోంది, చూడండి" అని తాళం పడేసి వెళ్లిపోతారు. ఎప్పుడు వస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బ్రేకు మీదా, మలుపులోనా? అదే సగం రోగనిర్ధారణ. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింటు. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారిపోయి ఉంటుంది. వేగంతోపాటు పెరిగే బొంయ్‌మనే హోరు, ఓ పక్కకి మలుపు తిప్పినప్పుడు మారితే వీల్ బేరింగ్. బ్రేకు దగ్గర సన్నగా కీచుమంటే ప్యాడ్‌లో ఉన్న హెచ్చరిక రేకు డిస్క్‌కి తగులుతోంది, ప్యాడ్లు అయిపోవచ్చాయి. అదే కీచు పోయి గరగర మొదలైతే ప్యాడ్లకే కాదు, డిస్కులకి కూడా డబ్బులు తీసుకుని రండి.

పదేళ్లు ఒకే బండి నడిపినవాడి చెవి నా స్కానర్ కన్నా మేలు. మాకు వచ్చే చిక్కల్లా, వాడు చెప్పడు.

సీటుబెల్టు_సుబ్బు
బ్రేకుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇక్కడ పాత బండ్ల మొనగాళ్లందరూ బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు?

వెనకసీటు
అది మార్చాలా?

నాలుగోగేరు
తగ్గితే పోస్తాం.

సీటుబెల్టు_సుబ్బు
చూశారా. అది గాల్లోంచి చెమ్మ పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. నాలుగు శాతం లోపు నీరు చేరితే అదే 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తుంటే ఆ వేడి రావడం కష్టమేం కాదు. లోపల మరిగి బుడగలొస్తే పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. పెద్ద ఖర్చూ కాదు.

పైగా "తగ్గితే పోస్తాం" అనేదే తప్పు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం దిగుతుంది. పోసేస్తే ప్యాడ్లు అరిగిన సంగతే తెలీదు.

రెండుచక్రాల_రాణి
నా స్కూటర్‌కి డ్రమ్ము బ్రేకు, కేబులు. మరిగేదేమీ లేదు. ఆగడం కూడా పెద్దగా ఉండదనుకోండి.

లెక్కలమాస్టారు
సుబ్బు గారి మాటతో నా డైరీలో ఓ గీత గీశా. రిపేర్లని రెండుగా రాయాలి: బండి ఆగకుండా నడవడానికి పెట్టేది, బండి ఆగాల్సినప్పుడు ఆగడానికి పెట్టేది. మొదటి దాంట్లో బేరం ఆడొచ్చు.

తుప్పుమచ్చ
నేను అమ్మింది చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఇంజన్ అద్భుతం. ఓసారి లిఫ్ట్ మీద ఎత్తితే తలుపుల కింద ఉండే సిల్స్ దగ్గర, వెనక సస్పెన్షన్ బిగించే చోట తుప్పు. పైనుంచి పెయింటు బానే ఉంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోయింది. వెల్డింగ్ చేయిస్తామన్నారు. ఆ చోట ముక్క అతికించి, దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. ఇంజన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు, బాడీ పోతే బండే పోయినట్టు. పార్టులుగా తీసుకునేవాళ్లకి ఇచ్చేశా.

కాబట్టి పాతబండి గారూ, ఇంజన్ గురించి మెకానిక్ మాట వదిలేయండి కానీ ఓసారి లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడండి. కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చూడండి.

నాలుగోగేరు
ఇది అసలైన కారణం. ఇంకోటి పార్టులు దొరక్కపోవడం. ఇంజన్ పార్టులు ఎలాగో దొరుకుతాయి, దొరకనివి వింతగా ఉంటాయి. నాకు వెనక లైటు అద్దం, తలుపు లోపలి గొళ్లెం. బయటి నుంచి మా డ్రైవర్ డోర్ తీయాలంటే హ్యాండిల్ సగం లాగి, మోకాలితో కింద తట్టి, మళ్లీ లాగాలి. దొంగకి ఆ పద్ధతి తెలీదు.

చెక్‌ఇంజన్_లైటు
ఇక్కడ రాసేశావు కదా, ఇప్పుడు తెలిసింది.

పాతబండి_నాది
ఫ్యూజు బాగుంది. రిలేలు రెండూ నెంబరు, కాళ్లు అన్నీ ఒకటే. మార్చా. ఏసీ వేయగానే ఫ్యాన్ గుర్రున తిరిగింది! హారన్ మూగబోయింది. కొత్త రిలే కొని పెట్టా. పాతది కుదిపితే లోపల ఏదో గలగలమంటోంది, ఓ కాలు దగ్గర ప్లాస్టిక్ కమిలి గోధుమ రంగు తిరిగింది. ట్రాఫిక్‌లో చాలాసేపు నిలబెట్టి చూశా, ముల్లు నడుమన కూర్చుంది.

హెడ్ విప్పమన్నాడండీ. ఈ అగ్గిపెట్టెంత దానికి.

గ్రీజుమరక
సంతోషం. కానీ ఇక్కడితో వదిలేయకు తమ్ముడూ. కాలు కమిలిందన్నావు చూడు, అది మామూలు అరుగుదల కాకపోవచ్చు. సాకెట్ వదులైనా అవుతుంది, లేదా ఫ్యాన్ మోటారు బుష్‌లు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతున్నా అవుతుంది. అలాగైతే కొత్త రిలే కూడా కొన్నాళ్లకి ఇదే దారి పడుతుంది. ఎవరైనా క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మోటారు ఎంత లాగుతోందో చూపించు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, తాళం తీసేసి, ఫ్యాన్ రెక్కని చేత్తో తిప్పి చూడు, పట్టేసినట్టుందా అని.

కూలెంట్ కూడా ఎప్పుడు మార్చావో గుర్తు లేకపోతే మార్పించెయ్. అది గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటారు. మరిగే వేడిని పెంచేదీ, లోపల తుప్పు పట్టకుండా చూసేదీ అదే. ఆ తుప్పు మందు కొన్నేళ్లకి అయిపోతుంది, రంగు మాత్రం అలాగే ఉంటుంది. కుళాయి నీళ్లు కలపకు, డిస్టిల్డ్ వాటరే. వేడి మీద మూత తీశావో, నీ మొహం నువ్వే చూసుకోలేవు.

మళ్లీ ఎప్పుడైనా దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, లోపలి హీటర్ ఫుల్లు పెట్టి, బ్లోయర్ ఫుల్లు పెట్టు. ఉక్కతో చస్తావు కానీ ఇంజన్ వేడిలో కొంత లోపలికి లాగేస్తుంది, పక్కకి తీసి ఆపుకునేంత వ్యవధి ఇస్తుంది.

క్లచ్‌కేబుల్
మరి ఆ "మంచి పార్టీ"కి ఏం చెప్పావు?

పాతబండి_నాది
వాడే ఫోన్ చేశాడు. రిలే సంగతి చెప్తే "అదృష్టం సార్" అన్నాడు.

సుబ్బు గారూ, బ్రేక్ ఆయిల్ ఈ వారం మార్పిస్తున్నా. తుప్పుమచ్చ గారూ, అదే రోజు లిఫ్ట్ మీద అడుగు కూడా. బాడీ బాగుంటే ఉంచుతా. బాగుండకపోతే ఈసారి నేనే అమ్ముతా, ఎవరూ చెప్పక్కర్లేదు.

సీటుబెల్టు_సుబ్బు
సరే. అదే రోజు టైర్ల పుట్టిన తేదీ కూడా చూడండి. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా రబ్బరు గట్టిపడుతుంది. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమని, పదేళ్లకి గాడితో పని లేకుండా మార్చెయ్యమని చాలా టైరు కంపెనీలే చెప్తాయి.

వెనకసీటు
మావి ఇప్పుడే చూసొచ్చా. నాలుగూ పర్లేదు.

గ్రీజుమరక
స్టెప్నీ?

వెనకసీటు
డిక్కీ సామానంతా తీసి చూశా. గాడి కొత్తదిలా ఉంది, ఒక్కసారి కూడా రోడ్డు తొక్కినట్టు లేదు. కానీ దాని మీద మూడే అంకెలున్నాయి. నాన్న బండి, ఆయన దాన్ని ఎప్పుడూ దించలేదట. ఒక అంకె చెరిగిపోయిందా?

సీటుబెల్టు_సుబ్బు
చెరగలేదు. మూడంకెలంటే 2000కి ముందు తయారైన టైరు. గాలి కూడా కొట్టించకు.